పార్సిల్ మీద కట్టించుకున్న సుంకానికి తెలుగులో లెక్క చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మా నాన్నగారు తెలుగు పండితులుగా పనిచేసి రిటైరయ్యారు. వయసు 79, కాకినాడలో నా దగ్గరే ఉంటారు. పొద్దున్నే మీ పేపరు గుమ్మంలో పడితే గానీ ఆయనకి కాఫీ రుచించదు. కొన్నేళ్ల కిందట రెండు కళ్లకీ రెటీనా మధ్యభాగం పాడవడం మొదలైంది. మ్యాక్యులర్ డీజెనరేషన్ అన్నారు డాక్టరుగారు. గది కనిపిస్తుంది, తలుపు కనిపిస్తుంది, అక్షరం మీద చూపు నిలిపితే మాత్రం సరిగ్గా అక్కడే మసక. కొన్నాళ్లు నేను చదివి వినిపించాను, ఆఫీసుకి టైమైపోతుంటే సంపాదకీయం సగంలో ఆపేసి పరుగెత్తేదాన్ని, ఆయన ఏమీ అనేవారు కాదు గానీ మిగతా సగం సాయంత్రం గుర్తుపెట్టుకుని మరీ అడిగేవారు.

అక్షరాలను తెరమీద పెద్దవి చేసి చూపించే చిన్న యంత్రం ఒకటి ఉంటుందని, పేపరు మీద జరుపుకుంటూ చదువుకోవచ్చని డాక్టరుగారే చెప్పారు. ఇక్కడ రెండు మూడు చోట్ల వాకబు చేస్తే మాకు కావలసినది దొరకలేదు. అమెరికాలో అమ్మే సైటులో దొరికింది. 2024 దసరా ముందు ఆర్డర్ పెట్టాను. ధర 300 డాలర్లు, బీమాతో కలిపి రవాణా 45 డాలర్లు. అప్పటికి డాలరు 84 రూపాయల దరిదాపుల్లో ఉంది, లెక్క సులువుకి 84 అనుకుంటే మొత్తం 28,980 రూపాయలు. మాకది చిన్న మొత్తం కాదు, అయినా కళ్లకంటే ఎక్కువేమీ కాదని కార్డు గీశాను. ఇక మీద ఖర్చు ఏమీ లేదనుకున్నాను. సైటులో అడుగున ఎక్కడో దిగుమతి పన్నులు కొనేవాళ్లవే అని చిన్న అక్షరాల్లో ఉందట, తర్వాత చూశాను. ఎంత అన్నది అక్కడా లేదు.

వారం తిరక్కుండానే పార్సిల్ మన దేశంలో దిగింది. అక్కడి నుంచి మొదలైంది మా టెన్షన్. ట్రాకింగులో క్లియరెన్స్ ఆలస్యం అని ఒక్క ముక్క ఇంగ్లిషులో కనిపిస్తుంది, ఎందుకో ఉండదు. తర్వాత ఒక మెయిలు, గుర్తింపు కార్డు పంపించండి, లింకు నొక్కండి, ఓటీపీ చెప్పండి అని. ఇది నిజమా మోసమా అని ఆఫీసులో నలుగురిని అడిగాను, నలుగురూ నాలుగు రకాలుగా చెప్పారు. చివరికి కొరియర్ వాళ్ల అసలు సైటుకి నేనే వెళ్లి పార్సిల్ నంబరు కొట్టి చూసుకుని, అప్పుడు ఆధార్ పెట్టాను. ఆ తర్వాత నాలుగు రోజులు ఏ కబురూ లేదు. అయిదో రోజు నేను ఆఫీసులో ఉండగా డెలివరీ అబ్బాయి ఇంటికొచ్చి, తాతగారూ డ్యూటీ కట్టాలండీ అన్నాడట, 22 వేల పైచిలుకు. దానిమీద కొరియర్ వాళ్ల చార్జీ వేరే. నాన్నగారు నాకు ఫోన్ చేశారు, నేను మీటింగులో ఉండి ఎత్తలేదు. ఆ అబ్బాయి వెళ్లిపోతే వస్తువు ఎక్కడికి పోతుందోనని, బీరువాలో ఉన్న పెన్షన్ డబ్బు తీసి ఇచ్చేశారు. సాయంత్రం నేను వచ్చేసరికి పెట్టె విప్పకుండా బల్లమీద పెట్టుకుని, రసీదు చేతిలో పట్టుకుని కూర్చున్నారు. అమ్మాయ్, ఈ డబ్బు మనం ఎవరికి కట్టాం అని అడిగారు.

రసీదులో ఒకటే అంకె ఉంది. ప్రభుత్వానికి ఎంత, కొరియర్ కంపెనీకి ఎంత, ఏ రేటున, దేనిమీద, ఏమీ లేదు. నేను చెప్పలేకపోయాను. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే. సుంకం వద్దని నేను రాయడం లేదు. దేశం అన్నాక దిగుమతి పన్ను ఉంటుంది, కడతాం. ఎంత కట్టాలో ముందు తెలియాలి, కట్టినదానికి లెక్క చేతికివ్వాలి, ఆ లెక్క మా ఇంట్లో వాళ్లు చదవగలిగే భాషలో ఉండాలి. నేను అడిగేది ఇంతే.

ఆ లెక్క కోసం కొరియర్ వాళ్లకి మెయిళ్లు రాస్తే పదకొండో రోజున బిల్ ఆఫ్ ఎంట్రీ (వస్తువు విలువ, సుంకం లెక్క ఉండే కస్టమ్స్ కాగితం) కాపీ పంపించారు. అప్పటి నుంచి దాని ముందు కూర్చుని నేను తెలుసుకున్నది మీ పాఠకులకి చెప్తాను, ఎందుకంటే తెలుగు ఇళ్లలో విదేశాల నుంచి పార్సిల్ రాని ఇల్లు ఈ రోజుల్లో తక్కువ.

సొంత వాడకానికి తెప్పించుకునే వస్తువులకి కస్టమ్స్ టారిఫ్‌లో 9804 అని ఒక పద్దు ఉంది. చెప్పులైనా, కళ్లజోడు ఫ్రేమైనా, మిక్సీ జారైనా మామూలుగా అందులోకే తోస్తారు. మేం కట్టిన రోజుల్లో దానిమీద మూల సుంకం 35 శాతం, ఆ సుంకం మీద మళ్లీ 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌చార్జి, ఈ రెండూ వస్తువు విలువకి కలిపి ఆ మొత్తం మీద 28 శాతం ఐజీఎస్టీ (దిగుమతుల మీద పడే జీఎస్టీ). అంటే పన్ను మీద పన్ను. మా 28,980కి మూల సుంకం 10,143, సర్‌చార్జి 1,014, ఈ రెండూ కలిపితే విలువ 40,137 అయింది, దానిమీద 28 శాతం అంటే 11,238. అన్నీ కలిపి 22,395 రూపాయలు. శాతంలో చెప్పాలంటే 77.28. వంద రూపాయల వస్తువుకి 77 రూపాయల పన్ను అని ముందే ఎవరైనా చెప్పి ఉంటే, బహుశా అయినా కొనేవాళ్లమే. కానీ తెలిసి కొనేవాళ్లం, నాన్నగారు బీరువా దగ్గరికి ఆదరాబాదరా వెళ్లే పని ఉండేది కాదు.

ఇందులో చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి. పన్ను వేసేది వస్తువు ధర మీద మాత్రమే కాదు, ధర, బీమా, రవాణా మూడూ కలిపిన మొత్తం మీద. మనం రవాణాకి ఇచ్చిన 45 డాలర్ల మీదా పన్ను పడింది. విమానంలో వచ్చే సరుకుకి ఒక రక్షణ కూడా ఉంది: రవాణా ఖర్చు ఎంతైనా సరే, వస్తువు ధరలో 20 శాతానికి మించి లెక్కలోకి తీసుకోకూడదని విలువ కట్టే నిబంధనల్లోనే ఉంది. 50 డాలర్ల పుస్తకాల సంచికి 60 డాలర్ల రవాణా పెట్టి తెప్పించుకునేవాళ్లు ఉంటారు, వాళ్లకిది చాలా తేడా. మీ పార్సిల్‌కి ఆ పరిమితి పాటించారో లేదో చూసుకోవాలంటే బిల్ ఆఫ్ ఎంట్రీ చేతిలో ఉండాలి. అందుకే ఆ కాగితం అడగండి, ఇవ్వం అంటే వదలకండి.

రేట్లు తర్వాత తగ్గాయి, ఆ మాట కూడా చెప్పాలి. 2025 బడ్జెట్లో 35 శాతాన్ని 20 చేశారు, 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ శ్లాబులు మారినప్పుడు ఈ పద్దు మీద 28 శాతం కాస్తా 18 అయింది, 2026 బడ్జెట్లో ఆ 20 శాతాన్ని కూడా 10కి తగ్గిస్తామన్నారు. అన్నీ కలిపి చూస్తే 77 ఉన్నది ముప్ఫై దరిదాపుల్లోకి వస్తుంది. ఇది మంచి పని, మనస్ఫూర్తిగా అంటున్నాను. మా వీధిలో ఈ సంగతి తెలిసిన మనిషి మాత్రం నాకు ఒక్కరూ కనిపించలేదు. ఇప్పటికీ సగానికి సగం పన్ను పడుతుందని భయపడి మానేసేవాళ్లున్నారు, ఏమీ పడదని ధైర్యంగా ఆర్డర్ పెట్టేవాళ్లూ ఉన్నారు.

ఏమీ పడదనే నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందంటే, గిఫ్ట్ అనే మాట నుంచి. మా పెదనాన్నగారి అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు. పిల్లలకి బూట్లు, ఆటబొమ్మలు పంపిస్తూ పెట్టె మీద గిఫ్ట్ అని రాసి, విలువ దగ్గర 5 డాలర్లు అని వేసేవాడు. ఒకప్పుడు 5,000 రూపాయల లోపు కానుకలకి సుంకం లేదు, అది నిజమే. 2019 డిసెంబరు 12న విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ దాన్ని ఎత్తేసింది. ఇప్పుడు ఆ వెసులుబాటు మిగిలింది ప్రాణరక్షక మందులకీ రాఖీకీ. రాఖీ విషయంలో కూడా రాఖీ ఒక్కదానికే, దానితో పాటు పంపే కానుకకి కాదు, ఆ మాట విడిగా రాశారు. కానుక పంపడం నేరం కాదు, పూర్తి సుంకం కట్టి తీసుకోవచ్చు. చిన్న పార్సిళ్లకి మిగిలిన మరో మినహాయింపు, కట్టాల్సిన సుంకం 100 రూపాయలు దాటకపోతే వసూలు చేయకూడదని కస్టమ్స్ చట్టం 25వ సెక్షన్‌లో ఉంది. సుంకమే 100 రూపాయల లోపు ఉండాలంటే ఎంత చిన్న వస్తువై ఉండాలో మీరే చూసుకోండి. 2019లోనే పోయిన సదుపాయాన్ని నమ్ముకుని ఇప్పటికీ అమెరికా నుంచి పెట్టెలు బయల్దేరుతున్నాయి.

తక్కువ విలువ వేసి పంపే అన్నయ్యలకీ బావలకీ నాదొక మాట. మీరు ప్రేమతోనే చేస్తారు, కానీ ఇక్కడ ఆ పెట్టె అందుకునేది మీ అమ్మ, మీ అత్తగారు. వేసిన విలువ మీద అనుమానం వస్తే అధికారి దాన్ని పక్కన పెట్టి తనే విలువ కట్టవచ్చు, జరిమానా వేయవచ్చు. అప్పుడు సంజాయిషీ రాయాల్సింది డెబ్భై ఏళ్ల మనిషి. దారిలో పెట్టె పోతే బీమా కింద వచ్చేది కూడా మీరు రాసిన 5 డాలర్లే. బిల్లు లోపల పెట్టి, అసలు ధర రాసి పంపించండి. సుంకం డబ్బు కూడా మీరే ముందుగా కట్టే ఏర్పాటు చాలా కొరియర్లలో ఉంటుంది, అది అడగండి.

2021 వేసవి ఎవరూ మర్చిపోయి ఉండరు. ఆక్సిజన్ కోసం మనుషులు రోడ్లమీద పరుగెత్తిన రోజులు. విదేశాల్లో ఉన్న పిల్లలు ఇంటికి గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే కాన్సంట్రేటర్లు పంపించారు. సొంత వాడకానికి వచ్చే వాటిమీద 28 శాతం ఐజీఎస్టీ ఉండేది, మే 1 నుంచి దాన్ని 12 చేశారు. అమెరికాలో ఉన్న మేనల్లుడు కానుకగా పంపిన యంత్రానికి ఆ 12 శాతం కూడా ఎందుకని 85 ఏళ్ల పెద్దాయన ఒకరు ఢిల్లీ హైకోర్టుకి వెళ్తే, మే 21న కోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. జూన్ 1న సుప్రీంకోర్టు ఆ తీర్పుని నిలిపేసింది. ఆ నెలలోనే జీఎస్టీ కౌన్సిల్ రేటుని 5 శాతానికి దించింది. ఊపిరి అందని మనిషి పక్కన కూర్చుని ఈ అంకెలు లెక్కపెట్టుకున్న కుటుంబాలు మన రాష్ట్రాల్లో కూడా ఉన్నాయి. ఆ రోజు ఆ పెద్దాయన కోర్టు దాకా వెళ్లగలిగారు. వెళ్లలేనివాళ్లు అడిగినంత కట్టేశారు.

మందుల సంగతి ఇంకా ముఖ్యం. ఇక్కడ అమ్మకానికి అనుమతి లేని మందు డాక్టరు రాస్తే, విదేశం నుంచి సొంతానికి తెప్పించుకోవడానికి దారి ఉంది. 12ఎ ఫారంతో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థకి దరఖాస్తు పెట్టాలి, రిజిస్టర్డ్ డాక్టరు రాసిన చీటీ జత చేయాలి, వాళ్లు 12బి పర్మిట్ ఇస్తారు. ఇదంతా ఆన్‌లైన్లోనే. మనిషి విమానంలో తన సామానుతో తెచ్చుకుంటే ఒక్కో మందు 100 మోతాదులకి మించకుండా తెచ్చుకోవచ్చు. పర్మిట్ లేకుండా కొరియర్లో తెప్పిస్తే మందు విమానాశ్రయంలోనే ఆగిపోతుంది, ఇక్కడ రోగికి ఒక్కో రోజూ గండమే. ముందు పర్మిట్, తర్వాత ఆర్డర్. ఈ వరస తప్పకండి.

అరుదైన జబ్బులకి 2023 ఏప్రిల్ 1 నుంచి పెద్ద ఊరట వచ్చింది. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో ఉన్న జబ్బులకి సొంతంగా తెప్పించుకునే మందులకీ, ప్రత్యేక వైద్య ఆహారానికీ మూల సుంకం పూర్తిగా తీసేశారు. కేంద్ర లేదా రాష్ట్ర ఆరోగ్య సేవల డైరెక్టరు దగ్గర గానీ, జిల్లా వైద్యాధికారి దగ్గర గానీ, సివిల్ సర్జన్ దగ్గర గానీ ధ్రువపత్రం తెచ్చుకోవాలి. అంటే శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో ఉన్న తల్లిదండ్రులు ఢిల్లీ వెళ్లక్కర్లేదు, జిల్లా కేంద్రంలోనే పని అయిపోతుంది. 2021లో వెన్నెముక కండరాల క్షీణత ఉన్న హైదరాబాద్ పిల్లవాడికి 16 కోట్ల ఇంజెక్షన్ కోసం ఊరూ వాడా చందాలేసినప్పుడు దిగుమతి సుంకం ప్రత్యేకంగా మాఫీ చేయించాల్సి వచ్చింది, అందరికీ గుర్తుండే ఉంటుంది. ఒక్కో పిల్లకీ ఒక్కో పిల్లాడికీ విడివిడిగా బతిమాలుకునే రోజుల నుంచి, అందరికీ వర్తించే నిబంధన దాకా వచ్చాం. అలాంటి నిబంధన ఒకటి ఉందని ఆసుపత్రి గోడమీద తెలుగులో ఒక్క కాగితం అంటించి ఉండటం నేను చూడలేదు.

మా నాన్నగారి యంత్రం విషయంలోనూ ఇదే బాధ. చూపు లేనివాళ్లు వాడే బ్రెయిలీ రైటర్లు, చేతికర్రలు, ప్రత్యేకంగా తయారుచేసిన గడియారాల్లాంటి వాటికి జీఎస్టీ 5 శాతమే అని ఒక జాబితా ఉంది. మాది అందులోకి వస్తుందా అని కొరియర్ వాళ్లని అడిగితే, సార్ సొంత వాడకం కదా 9804 వేసేశాం అన్నారు ఫోన్లో, నేను ఆడదాన్నని కూడా గమనించకుండా. వస్తువు ఏమిటో చూసి పద్దు వేశారా, పెట్టెలన్నిటికీ వరసగా ఒకటే వేస్తున్నారా? మన తరఫున కాగితం పెట్టేది కొరియర్ కంపెనీ, దానిమీద ఏం రాశారో మనకి ముందు చూపించరు, డబ్బు మాత్రం మన దగ్గర తీసుకుంటారు. ఇది మార్చాలి. కాగితం పెట్టేముందు అందులోని పద్దు, విలువ, రేటు మెసేజీలో పంపించి, సరేనా అని అడగడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

కొన్ని వస్తువులు సుంకం కట్టినా రావు. డ్రోన్ల దిగుమతి 2022 ఫిబ్రవరి నుంచి నిషేధం, ఈ-సిగరెట్లు 2019 నుంచే. విత్తనాలకీ మొక్కలకీ ప్లాంట్ క్వారంటైన్ అనుమతి కావాలి, పెరట్లో వేసుకుందామని సరదాపడి తెప్పిస్తే అక్కడే పోతాయి. ల్యాప్‌టాప్‌ల దిగుమతికి లైసెన్సు ఉండాలన్న 2023 నిబంధన తర్వాత కూడా ఒకటి వరకు సుంకం కట్టి పోస్టులోనో కొరియర్లోనో తెప్పించుకోవచ్చు.

ఇప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువ భయపడుతున్న సంగతి. మీ పేరు మీద వచ్చిన పార్సిల్లో మత్తుమందులు దొరికాయి, కస్టమ్స్ నుంచి మాట్లాడుతున్నాం, వీడియో కాల్ కట్ చేయొద్దు అంటూ పెద్దవాళ్ల బ్యాంకు ఖాతాలు ఊడ్చేసే ముఠాల గురించి మీ పేపర్లోనే ఎన్నోసార్లు వచ్చింది. వాళ్ల మాటలు జనం ఎందుకు నమ్ముతున్నారా అని నేను చాలా ఆలోచించాను. మోసగాడి మెసేజీకీ, అసలు మెసేజీకీ తేడా లేదు, అదీ కారణం. మాకొచ్చిన నిజమైన మెయిలు చూడండి: ఇంగ్లిషులో ఉంది, లింకు ఉంది, ఆధార్ అడిగింది, త్వరగా చేయకపోతే పార్సిల్ వెనక్కి పోతుందంది, డబ్బెంతో చెప్పలేదు. మోసగాడు రాసేది కూడా అచ్చం ఇదే. తర్వాత ఒక మనిషి వచ్చి కాగితం లేకుండా 22 వేలు అడిగితే మా నాన్నగారు ఇచ్చేశారు, ఆ మనిషి నిజమైనవాడు కాబట్టి సరిపోయింది. ఇంకోరోజు ఇంకెవరో ఫోన్ చేసి ఇంతే అడిగితే ఆయన ఏం చేయాలి? లెక్క చెప్పకుండా డబ్బు తీసుకోవడం మామూలే అని మనమే పెద్దవాళ్లకి అలవాటు చేశాం కదా.

కస్టమ్స్ శాఖ చెప్పేది స్పష్టంగానే ఉంది. సుంకం కట్టమని ఎవరి సొంత ఖాతాకీ డబ్బు వేయించుకోరు. శాఖ పంపే ఉత్తరాల మీద 2019 నవంబరు నుంచి డిన్ అనే నంబరు ఉంటుంది, పరోక్ష పన్నుల బోర్డు సైటులో ఆ నంబరు కొడితే అసలుదో నకిలీదో తేలిపోతుంది. వీడియో కాల్‌లోనే అరెస్టు చేశామనే డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలోనే లేదు. అనుమానం వస్తే ఫోన్ పెట్టేసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి, డబ్బు పోయినా వెంటనే చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. మీ ఇంట్లో ఏ పార్సిలూ రావాల్సింది లేకపోతే ఆ ఫోన్ నూటికి నూరు పాళ్లూ మోసమే. రావాల్సింది ఉంటే, మీరు ఆర్డర్ పెట్టిన నంబరుతో కొరియర్ సొంత సైటులో మీరే చూసుకోండి, మెసేజీలో వచ్చిన లింకు నొక్కకండి.

సుంకం ఎక్కువ వేశారనిపిస్తే చేతులు ముడుచుకోనక్కర్లేదు. మీరు చెప్పిన విలువని అధికారి కాదంటే, దానికి మీరు ఒప్పుకోకపోతే, కారణాలు చూపిస్తూ 15 రోజుల్లో రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వాలని 17వ సెక్షన్. ఆ ఉత్తర్వు మీద 60 రోజుల్లో కమిషనర్ అప్పీల్స్‌కి వెళ్లొచ్చు. ఎక్కువ కట్టామని తేలితే వాపసు కోసం ఏడాది లోపు దరఖాస్తు. వస్తువు ధర కంటే సుంకం భారమైతే, క్లియరెన్స్ కాకముందే ఈ వస్తువు నాకొద్దని రాసిచ్చేస్తే సుంకం కట్టక్కర్లేదు, 23వ సెక్షన్‌లో ఉంది, వస్తువు మాత్రం పోయినట్టే. ఏమీ చెప్పకుండా ఊరుకుంటే 30 రోజుల తర్వాత అమ్మేసే అధికారం వాళ్లకుంది, ఈలోపు గోదాము అద్దె పెరుగుతూ ఉంటుంది. సైటువాళ్లకి వస్తువు తిప్పి పంపితే వాళ్ల ధర వాళ్లు ఇస్తారు, ఇక్కడ కట్టిన సుంకం దానంతట అది వెనక్కి రాదు. సైజు సరిపోతుందో లేదో చూద్దామని విదేశం నుంచి బూట్లు తెప్పించుకునే పిల్లలు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోవాలి.

అవతలి ఒడ్డున ఉన్న మనవాళ్లకీ ఇప్పుడు ఇదే అనుభవం. 800 డాలర్ల లోపు పార్సిళ్లకి ఉన్న మినహాయింపుని అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి తీసేసింది. అంతకు నాలుగు రోజుల ముందే మన తపాలాశాఖ అమెరికాకి చాలా రకాల పార్సిళ్ల బుకింగ్ ఆపేసి, అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది. ఆవకాయ జాడీలు కట్టి సిద్ధం చేసుకుని పోస్టాఫీసు నుంచి తిరిగొచ్చిన అమ్మలు మా వీధిలోనే ఇద్దరున్నారు. ఏ రోజు ఏం మారిందో వాళ్లకి కౌంటరు దగ్గర తెలిసింది.

కాబట్టి నేను అడుగుతున్నవి ఇవి. కస్టమ్స్ శాఖ తన సైటులో వస్తువు పేరు, ధర, రవాణా వేస్తే మొత్తం సుంకం ఎంతో చెప్పే లెక్కయంత్రాన్ని తెలుగుతో సహా మన భాషల్లో పెట్టాలి. ఇంటి గుమ్మంలో డబ్బు తీసుకునే ప్రతి కొరియరూ మూల సుంకం ఇంత, సర్‌చార్జి ఇంత, ఐజీఎస్టీ ఇంత, మా చార్జీ ఇంత అని విడివిడిగా రాసిన తెలుగు రసీదు ఇవ్వాలి, డబ్బు అడగడానికి కనీసం ఒకరోజు ముందు అదే లెక్క ఫోనుకి పంపాలి. మా కేసులో ఆ చార్జీ ఎంతో మెయిళ్ల మీద మెయిళ్లు రాస్తే గానీ తెలియలేదు. శంషాబాద్‌లోనూ, విదేశీ పార్సిళ్లు చూసే పోస్టాఫీసుల్లోనూ తెలుగులో జవాబు చెప్పే ఒక ఫోన్ నంబరు ఉండాలి. మీ పేపరుకి నా విన్నపం, బడ్జెట్ మర్నాడు బంగారం రేటు, సిగరెట్ రేటు వేసినట్టే సొంత పార్సిళ్ల సుంకం ఎంత మారిందో కూడా ఒక చిన్న పెట్టెలో వేయండి. చందాదారుల ఇళ్లలో సగం మందికి అది పనికొస్తుంది.

యంత్రం బాగా పనిచేస్తోంది. పొద్దున్నే పేపరు బల్లమీద పరిచి, ఒక్కో వరుస మీద దాన్ని నెమ్మదిగా జరుపుతూ సంపాదకీయం పూర్తిగా ఆయనే చదువుకుంటున్నారు. ఆ రసీదు కూడా దానికింద పెట్టి చూశారు ఒకసారి, అక్షరాలు పెద్దవయ్యాయి గానీ అందులో ఉన్నది ఒక్క అంకే. దాని నకలు ఈ ఉత్తరానికి జతచేస్తున్నాను. పేర్లూ నంబర్లూ కొట్టేసి వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కాకినాడ